తాళంచెవి ఎదురింట్లో ఉంది

తిరుపతి,
12-3-1984

చి.సౌ. పంకజాక్షికి,

నీ వదిన నాగరత్నమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ మీ అన్నా మాత్రమే కాదు. ముందు గదిలో పుంగనూరు వాళ్లు ఐదుగురు, వెనక గదిలో ఎవరో నలుగురు. వాళ్లెవరో మీ అన్నకు తెలిసే ఉంటుందని నేను అడగలేదు. నాకు తెలిసే ఉంటుందని ఆయనా అడగలేదు. నిన్న రసంలో ఉప్పు తక్కువైందని మాత్రం వాళ్లే వచ్చి చెప్పారు.

సంగతేమిటంటే, మీ అన్న అంగడికి బహుమానం వచ్చింది. బోరుబావుల మోటార్లు జిల్లాలో అందరికంటే ఎక్కువ అమ్మాడట. వానలు మొహం చాటేసిన పుణ్యం. కంపెనీవాళ్లు మొగుడూ పెళ్లాలిద్దరినీ మద్రాసు అవతల, మహాబలిపురం పోయే దోవలో, సముద్రం ఒడ్డునున్న పెద్ద హోటలుకు మూడు రోజులు పంపిస్తారట. బీచ్ రిసార్టు అంటారట దాన్ని. గది, టిఫిను, భోజనం, సాయంత్రం పలహారం, పడవ షికారు, అన్నీ కలిపే. మనం చేతులు కడుక్కుని కూర్చుంటే చాలునట. మే 18, 19, 20 తేదీలు. పందొమ్మిదికి మా పెళ్లయి ఇరవై అయిదేళ్లు నిండుతాయి. ఆ మాట చెప్తే మీ అన్న లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా, "అట్లనా? ఎవురి పెళ్లి?" అన్నాడు.

నాకు సముద్రం మీద మోజేమీ లేదు. నాకున్నది ఒకటే కోరిక. నేను కూర్చోవాలి. నా ముందు ఆకు వెయ్యాలి. వేడివేడిగా ఎవరైనా నాకు వడ్డించాలి. పక్కన మీ అన్న ఉండాలి, ఇంకెవరూ ఉండకూడదు. పెళ్లయిన నాలుగో రోజు ఈ ఇంట్లో అడుగు పెట్టాను. అదే రోజు మీ మేనమామలవాళ్లు పదకొండు మంది దర్శనానికని దిగారు. ఆ పూట పొయ్యి మీదికెక్కిన ఎసరు ఇంకా దిగలేదు. ఇరవై అయిదేళ్లలో మీ అన్నతో కూర్చుని ఒక్క పూట అన్నం తిని ఎరగను. అందరూ లేచాక, గిన్నె అడుగున మిగిలింది, చల్లారింది, నిలబడి తింటాను.

కొండమీద ఆయనకు రోజూ కల్యాణమే. అమ్మవారు మాత్రం కింద తిరుచానూరులో వేరు కాపురం పెట్టింది. ఊరికే పెట్టిందంటావా? పైన వచ్చేపోయే జనాన్ని చూసి, వీళ్లందరికీ నేను వండలేనమ్మా అనుకునే దిగి ఉంటుంది. ఆవిడ తెలివి నాకు లేకపోయింది.

ఇంకో విచిత్రం విను. ఇల్లు వదిలి పోదామంటే మా ఇంటికి తాళం లేదు! ఎప్పుడూ ఎవరో ఒకరు లోపల ఉంటారు కనుక తాళం అవసరమే పడలేదు. గాంధీ రోడ్డుకు పోయి కొత్త తాళం కొన్నాను. అరచెయ్యంత ఉంది. పోపుల డబ్బా పక్కన పెట్టుకుని రోజూ దాన్ని చూసుకుంటున్నాను.

కాబట్టి ఆ మూడు రోజులు ఎవరూ రావద్దు. ముందు నీకే ఎందుకు రాస్తున్నానంటే, అందరికంటే ఎక్కువ వచ్చేది నువ్వే. కోపం తెచ్చుకోకు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

నీ వదిన
నాగరత్నమ్మ


చిత్తూరు,
20-3-1984

వదినకు పంకజాక్షి నమస్కారాలు.

నీ జాబు అందింది. ఎవరికీ చెప్పొద్దన్నావు కనుక ఇంట్లోవాళ్లకు మాత్రమే చదివి వినిపించాను. పక్కింటివాళ్లు గోడ అవతల నుంచి విన్నారు, దానికి నేనేం చేసేది? మా ఇంటాయన పడీ పడీ నవ్వాడు. "మా బావ సముద్రంలో పడితే ఆయన మోటార్లే పెట్టి తోడాల" అన్నాడు.

అయినా వదినా, ఈ వయసులో ఇదేం సరదా? అక్కడ ఆడా మగా చాలీచాలని గుడ్డలతో నీళ్లలో దిగుతారని విన్నాను. నువ్వు చీరకు పది పిన్నీసులు ఎక్కువ పెట్టుకో. మా అన్న కళ్లకు గంతలు కట్టు. లేకపోతే తిరిగొచ్చాక మోటార్లు అమ్మడం మానేసి ఈత నేర్చుకుంటానంటాడు.

అంతా బాగానే ఉంది కానీ ఒక చిక్కు వచ్చి పడింది. నా మనవడికి పుట్టువెంట్రుకలు కొండమీద తీయించాలి కదా. అయ్యవారు పెట్టిన ముహూర్తం మే 19. అల్లుడి వైపు వాళ్లతో కలిపి పద్నాలుగు మందిమి. "కొండ కిందే మా పుట్టిల్లు, దిగులు పడాల్సింది లేదు" అని కూతురి పెళ్లిచూపుల్లోనే వాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు తీసుకుపోయి సత్రంలో దింపితే నా మొహం ఎక్కడ పెట్టుకునేది?

సముద్రం ఎక్కడికీ పోదు వదినా. జూన్‌లో కూడా ఉప్పగానే ఉంటుంది. మీరే తేదీ మార్చుకోండి. పుట్టింటికి రావద్దని ఆడబిడ్డకు జాబు రాసిన వదినను నేను ఇప్పుడే చూడ్డం. నాకేం కోపం లేదులే.

నీ ఆడబిడ్డ
పంకజాక్షి


తిరుపతి,
2-4-1984

పంకజాక్షికి,

నీకు కోపం లేదని రాశావు. నాకుంది.

తేదీ మార్చడానికి హోటలు మాది కాదు. పెళ్లిరోజు కూడా నేను పెట్టుకుంది కాదు, మీ నాయన పెట్టించిందే. నీ మనవడి వెంట్రుకలు ఇంకో నెల పెరిగితే స్వామికి ఇంకాస్త ఎక్కువే ముడుతుంది, ఆయనకేం నష్టం లేదు.

పోయిన ఏడాది నువ్వు ఆరుసార్లు వచ్చావు. వచ్చినప్పుడల్లా "వదినా, నీ చేతి ఊరిబిండి రుచి ఇంకెవరికీ రాదు" అంటావు. పొగిడితే రోట్లో చెనక్కాయలు వాటంతటవే నలిగి పచ్చడి కావమ్మా.

ఇక మీ అన్న. ఆయనకు వచ్చిన మాట ఒకటే, "రాండి". నెల కింద బస్టాండులో ఎవరో టైమెంతని అడిగితే, చెప్పి ఊరుకోకుండా ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆ మనిషి మూడు రోజులున్నాడు. ఆ మూడు తేదీల్లో ఎవరినీ రాండి అనొద్దని కొండ వైపు తిప్పి ప్రమాణం చేయించాను. చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేత్తోనే వీధిలో పోతున్న ఎవరినో పిలిచాడు.

పంకజా, ఇంతవరకూ నవ్వులాట. ఇప్పుడు రాసేది నవ్వులాట కాదు. నాకు నలభై మూడేళ్లు. మీ అన్న మంచివాడు, అందుకు నాకు ఏ సందేహమూ లేదు. కానీ మేమిద్దరం మాట్లాడుకునేదల్లా ఎంతమంది, ఏ బస్సుకు, ఎన్ని శేర్ల బియ్యం. ఇంకో మాట మా మధ్య వచ్చి ఎన్నేళ్లయిందో చెప్పలేను. ఈ మూడు రోజులూ చేతికి రాకపోతే ఇంకోసారి అడగను. అలిగి కాదు, అడగాలనిపించదు. నాకు అదే భయంగా ఉంది.

మీ వాళ్లను సత్రంలో దింపు. గదులు నేను మాట్లాడి పెడతాను.

నాగరత్నమ్మ


చిత్తూరు,
10-4-1984

వదినకు,

జాబు అందింది. మావాళ్లతో మాట్లాడాను. పుట్టువెంట్రుకలు శ్రావణానికి మార్చుకున్నాం. సత్రం అవసరం లేదు. మీరు సుఖంగా పోయి రండి.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

పంకజాక్షి


సముద్రం ఒడ్డు
(హోటలు పేరు నాకు నోరు తిరగదు),
19-5-1984, శనివారం

పంకజాక్షికి,

కాయితం, కవరు, స్టాంపు హోటలు వాళ్లే గదిలో పెట్టారు. అవీ అన్నీ కలిపే అన్నదాంట్లోవే. ఊరికే పోనియ్యడం ఎందుకని రాస్తున్నాను. పైగా ఇక్కడ నేను తిట్టుకోవాలంటే వినేవాళ్లు లేరు.

నిన్న తెల్లవారే బయలుదేరాం. తాళం నా చేత్తో వేశాను. మూడుసార్లు గుంజి చూశాను. సందు చివరికి వచ్చాక మీ అన్న "కండ్లద్దాలు మరిసినా, నువ్వు పో" అని తాళంచెవి తీసుకుని వెనక్కి ఉరికాడు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. మతిమరుపు అనుకుని ఊరుకున్నాను.

హోటలు బాగుంది. మా గదికి తాటాకు కప్పు, లోపల చలిమిషను. కప్పు చూస్తే కూలోళ్ల గుడిసె, పరుపు చూస్తే జమీందారుది. ఇక తిండి సంగతి. చేపలు, రొయ్యలు, పీతలు కుప్పలు పోసి పెట్టారు. నిన్న శుక్రవారం, నాకు పనికిరాదు. ఇవాళ శనివారం, ఇద్దరికీ పనికిరాదు. రేపు ఆదివారం, పొద్దున్నే బస్సు. రొయ్యలు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నాయి.

అది పోనీ. ఇక్కడ ఎవరూ వడ్డించరు పంకజా! కూర్చుంటే ఆకు రాదు. పళ్లెం నువ్వే తీసుకోవాలి, వరసలో నువ్వే నిలబడాలి, గరిటె నువ్వే ముంచుకోవాలి. ఇంత దూరం వచ్చి, ఇంత గొప్ప హోటల్లో, మళ్లీ నిలబడే తినడం. నిన్న మధ్యాహ్నం ఆ వరస చూసి నాకు ఏడుపొచ్చింది. మీ అన్న మాత్రం అక్కడున్న బంట్రోతును పక్కకు పిలిచి, "ఏమప్పా, ఈడ స్పెషల్ దర్శనం లేదా?" అని అడిగాడు.

తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పకు, ఈసారి నిజంగా చెప్పకు. నా ముందున్న బొంబాయి ఆవిడ సాంబారు కోసం గరిటెతో తంటాలు పడుతోంది. చూడలేక గరిటె నేను తీసుకుని పోశాను. వెనకాయన పళ్లెం చాపాడు. ఆయనకూ పోశాను. అలా నలభై మందికి పోశాను. ఒకాయన నా చేతిలో రూపాయి పెట్టి వెళ్లాడు. అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు.

మీ అన్న ఏం చేస్తున్నాడా అని చూద్దును కదా, ఆ చివర నిలబడి చీటీల మీద మా ఇంటి అడ్రసు రాసి పంచుతున్నాడు. మేనేజరుకు ఒకటి, కూరలు తరిగే ఆయనకు ఒకటి, రూపాయి ఇచ్చిన ఆయనకు ఒకటి. "తిరపతికొస్తే మా ఇంట్లోనే దిగల్ల, సత్రాలకు పోబాకండి." కొండ వైపు చేసిన ప్రమాణం గుర్తు చేస్తే, "ఆ మూడు దినాల్లో వద్దంటివి, వీళ్లు తర్వాత కదా వచ్చేది" అన్నాడు.

నిన్నటి నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఇవాళ మా పెళ్లిరోజు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ వరసలో నిలబడి తినడం కంటే పస్తే నయమని, సముద్రానికి ఎదురుగా ఒక కుర్చీలో కూర్చున్నాను. మీ అన్న లోపలికి పోయి ముప్పావు గంటయింది. ఇంకెవరిని పిలుస్తున్నాడో. నాకు సిగ్గుగా ఉంది పంకజా. నీతో పోట్లాడి మరీ తెచ్చుకున్న మూడు రోజులివి.

అదిగో, వస్తున్నాడు. చేతుల్లో ఏదో పట్టుకుని, ఇసకలో తడబడుతూ. ఆపుతున్నాను.


చిత్తూరు,
26-5-1984

వదినకు,

ఈ జాబు మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. చదివి నన్ను తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

మేం శ్రావణానికి మార్చుకోలేదు. అది అబద్ధం. నువ్వు కోపంగా రాసిన మూడో రోజున అన్న నాకు విడిగా కార్డు రాశాడు. "మీ వదినకు చెప్పబాక. తాళంచెవి ఎదురింట్లో దేవరాజులు దగ్గర ఉంటాది. మీరు రాండి." నాకు ఎంత సంతోషమైందో! నీ మీద గెలిచాననుకున్నాను.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం పద్నాలుగు మందిమి బండ్లు దిగాం. నువ్వు అన్ని సార్లు గుంజి చూసిన తాళం లేదు. తలుపు తెరిచే ఉంది. తలుపు మీద సుద్దముక్కతో అన్న చేతిరాత. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఊరికి పోతున్నాము. తాళంచెవి ఎదురింట్లో ఉంది. బియ్యం పెద్ద డబ్బాలో, ఊరగాయ పై అరలో. వండుకుని తిని పోండి. ఇట్లు, గంగాధరం."

కళ్లద్దాలు ఎందుకు మరిచాడో ఇప్పుడు తెలిసిందా!

లోపల అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. "మీరెవురు?" అంటే "గంగాధరమన్న రమ్మనినాడు" అన్నారు. ఎప్పుడు రమ్మన్నాడంటే పోయిన ఏడాది రైల్లో అట. వాళ్లు నన్ను చూసి "అమ్మయ్య, వంటకు మనిషొచ్చింది" అన్నట్టు చూశారు. వియ్యపురాలు పక్కనే ఉంది. మా పుట్టిల్లని గొప్పలు చెప్పుకున్నది నేనే. కొంగు దోపి వంటింట్లోకి పోయాను.

మూడు రోజులు బయటికి రాలేదు వదినా. వీళ్లు తింటే వాళ్లకు ఆకలి. వాళ్లకు పెడితే వీళ్లకు కాఫీ. దేవరాజులు తాత గంటకోసారి వచ్చి, "ఇంకెవురన్నా వచ్చినారా అమ్మా, ఇంగొక నాలుగు ఆకులు కొయ్యాలనా?" అని అడుగుతాడు. మా ఇంటాయన ముందు గదిలో పడుకుని, "పుట్టింట్లో ఎంత సుఖమో సూడు" అంటాడు. చట్టి విసిరేద్దామనిపించింది.

పందొమ్మిది పొద్దున కొండకు బయలుదేరారు. "ఈ ఒక్క వాయి ఇడ్లీలు దించి వెనకాలే వస్తాను, మీరు పదండి" అన్నాను. వాయి దించేసరికి ఇంకో ఆరుగురు దిగారు. నేను పోలేదు. నా మనవడి పుట్టువెంట్రుకలు నేను చూడలేదు. సాయంత్రం వాణ్ని తెచ్చి చూపించారు. గుండు నిండా చందనం పూసి ఉంది. ముద్దుగా ఉన్నాడు. నా చేతులు పిండిగా ఉన్నాయని ముట్టుకోలేదు.

అప్పుడు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. వాడి కోసం ఏడుస్తున్నాననుకున్నాను మొదట. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. మేం వచ్చి కొండకు పోయినప్పుడల్లా "మీరు పోయి రాండి, నేను రేపు పోతాలే" అంటావు. రేపు పోయావో లేదో నేను ఒక్కసారీ అడగలేదు. అసలు నువ్వు కొండెక్కి ఎన్నేళ్లయింది వదినా?

ఇరవయ్యో తేదీ అందరినీ పంపించి, ఇల్లు కడిగి, తలుపు మీద రాత తుడిచి, తాళం వేసి వచ్చేశాను. నీకు తెలియకుండా దాచేద్దామనే. ఇంటికొచ్చిన మూడో రోజు సముద్రం దగ్గరి నుంచి నీ జాబు వచ్చింది. నీతో పోట్లాడి తెచ్చుకున్న మూడు రోజులని రాశావు కదా, ఆ మాట చదివాక దాచలేకపోయాను. తప్పు నాది. నన్ను క్షమించు.

ఇంకొకటి. అన్న ఏదో పట్టుకుని వస్తున్నాడని రాసి ఆపేశావు. ఏం పట్టుకొచ్చాడు? ఇంకో పది మందినా?

నీ పంకజ


తిరుపతి,
4-6-1984

చి.సౌ. పంకజాక్షికి,

నీ వదిన రాసేది. నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. ఉప్పు జాడీ ఎడమ పక్కకు వచ్చింది. అట్లపెనం తలకిందులుగా తగిలించి ఉంది. అన్నిటికీ మించి, తలుపు మీద "ఊరగాయ" అన్న మాట తుడవడం మరిచిపోయావు. మీ అన్నను పిలిచి ఆ మాట చూపించాను. చాలాసేపు చూసి, "ఈ అచ్చరాలు ఎవురియో తెలిసినట్టే ఉండాయి" అన్నాడు.

తిడదామనే నీ జాబు పట్టుకుని కూర్చున్నాను. పిండి చేతులతో మనవణ్ని ముట్టుకోలేదన్న చోటికి వచ్చేసరికి తిట్లు మరిచిపోయాను. క్షమించడానికేముంది, నా వంటింట్లో మూడు రోజులు ఉండి వచ్చావు, శిక్ష అయిపోయింది. నేను కొండెక్కి తొమ్మిదేళ్లయింది. లెక్క వేస్తే నాకే నమ్మకం కుదరలేదు. ఊరివాళ్లం, ఎప్పుడైనా పోవచ్చు కదా అనుకుంటూ ఉండిపోయాను.

మీ అన్న ఏం పట్టుకొచ్చాడని అడిగావు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నీకు చెప్తాను.

పళ్లెం పట్టుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక పళ్లెం మోసి ఎరగని మనిషి, ఆ వరసలో ముప్పావు గంట నిలబడి నాకు అన్నం పెట్టుకొచ్చాడు. ఆ పళ్లెం నువ్వు చూడాల్సింది. అన్నం మీద సాంబారు, సాంబారులో కేకు ముక్క. పెరుగన్నం పక్కన జాము. ఉర్లగడ్డ కూర, అనాస పండు, అప్పడం, బ్రెడ్డు, పాయసం, ఏదో పచ్చటి ఆకు. దాంట్లో లేంది లేదు, రొయ్యలు తప్ప. పందికి పెట్టినట్టుంది. "ఇదేం వడ్డన? మనిషి తినేదేనా?" అని కసిరాను. ముందు రోజు మధ్యాహ్నం తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

ఇసకలో కూర్చున్నాడు. పళ్లెం నా ఒళ్లో పెట్టాడు. "నీకేం ఇష్టమో నాకు తెల్దు మే. నువ్వు తినంగా నేనెప్పుడు సూసినా? అందుకే అన్నీ పెట్టుకోనొచ్చినా. దీంట్లో యాది ఇష్టమో సెప్పు, ఇంగొకతూరి పోయి అదే తెస్తా" అన్నాడు.

పంకజా, ఇరవై అయిదేళ్లకు నన్ను ఎవరైనా అడిగిన మొదటి మాట అది. నాకు ఏం ఇష్టమో నాకూ తెలియలేదు. మిగిలింది తినేదానికి ఇష్టమెక్కడిది? కేకుతో కలిసిన సాంబారన్నం వేడిగా ఉంది. ఏడుస్తూ మొత్తం తినేశాను. ఆయన నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు, ఏది ముందు తింటానో, ఏది వెనక తింటానో. చివరికి, "నీకు వేడన్నం ఇష్టం మే" అన్నాడు, కొత్త మోటారు కనిపెట్టినవాడి లాగా. సముద్రం ఎలా ఉందని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.

ముందు రోజు అందరికీ రాండి అంటూ చీటీలెందుకు పంచావయ్యా అని కూడా అప్పుడే అడిగాను. "ఎవురన్నా ఇంటికొస్తే నీకు కుశాల అనుకుంటి. ఈ మూడు దినాలకు తప్ప నువ్వు ఎప్పుడూ వద్దనలేదే" అన్నాడు. నిజమే, నేను వద్దన్నది నీతోనే. ఈ ఏడాది దాకా ఆయనతో ఒక్కసారీ అనలేదు. అది నా తప్పు. అది మాత్రం ఆయనకు చెప్పలేదు.

పోయిన గురువారం ఇద్దరం కొండకు పోయాం. ఆ రోజు ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు, హోటల్లో కూరలు తరిగే ఆయన కుటుంబం. తాళంచెవి వాళ్లకే ఇచ్చి పోయాం. తిరిగొచ్చేసరికి ఆయన వంట చేసి పెట్టాడు. పప్పులో ఉప్పు తక్కువైంది. నేను వెళ్లి చెప్పాను. ఆ మాట చెప్పడంలో ఇంత సుఖముందని నాకు తెలియదు.

ఇక అసలు మాట. వచ్చే ఏడు మే 18, 19, 20 ఇంటికి తాళం. మేం ఎక్కడికీ పోం, ఇంట్లోనే ఉంటాం. తాళం బయటి నుంచి దేవరాజులు తాత వేస్తాడు. సుద్దముక్కలన్నీ ఏరి పారేశాను. ఎవరు వచ్చి తలుపు కొట్టినా మీ అన్న పలకకూడదు. ఈసారి ప్రమాణం కొండ వైపు కాదు, తిరుచానూరు వైపు తిప్పి చేయించాను.

నువ్వు 21న రా. ఇంటాయననూ, పిల్లలనూ, ఆ గుండుగాణ్నీ తీసుకుని రా. ఊరిబిండి నేనే నూరతాను. వడ్డన మీ అన్నది. నీకు ఏం ఇష్టమో ముందుగా జాబు రాయి, లేకపోతే అన్నీ కలిపి పెడతాడు.

కానీ మొదటి ఆకు నాది.

నీ వదిన
నాగరత్నమ్మ